భాగం – 7: మత్తు మందుల మంచిపేరు, మానడంలోని కష్టం – తెలంగాణ కల్తీ కల్లు అనుభవం

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• ఆందోళనను తగ్గించే మత్తు మందులకు మంచిపేరు ఎట్లా వచ్చిందో, ఎట్లా పోయిందో వివరించగలుగుతారు.
• 2015లో తెలంగాణ జిల్లాల్లో జరిగిన సంఘటనలకు కారణాలను విశ్లేషించగలుగుతారు.
• ఇటువంటి మందును ఒక్కసారిగా ఆపడానికీ, క్రమంగా తగ్గించడానికీ ఉన్న తేడాను చెప్పగలుగుతారు.

7.1 పరిచయం

వరంగల్‌లో ఒక ఆదివారం కౌన్సెలింగ్ తరగతి ముగిశాక ఒక విద్యార్థి నా దగ్గరికి వచ్చాడు. "సార్, మా నాయిన కల్లు బంద్ చేసి మూడు రోజులైంది. నిద్ర లేదు, చేతులు వణుకుతున్నయి, గోడ మీద ఏవో పాకుతున్నయంటున్నడు. కల్లు మానితే ఇట్లయితదా?" అని అడిగాడు. ముందు ఆసుపత్రికి తీసుకుపొమ్మని చెప్పాను. అతని ప్రశ్నకు జవాబు మాత్రం చరిత్రలో ఉంది. అది బెర్లిన్‌లో మొదలై మన కల్లు దుకాణం దాకా వచ్చిన చరిత్ర.

7.2 మందులు వేరు, దారి ఒకటే

క్లోరల్ హైడ్రేట్‌ను జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ 1832లో తయారు చేశాడు. అది నిద్ర పట్టిస్తుందని 1869లో బెర్లిన్‌లో లీబ్రైక్ చూపించాడు. 1903లో బార్బిట్యురేట్ల వర్గానికి చెందిన వెరొనాల్ వచ్చింది. 1955లో అమెరికాలో మెప్రోబమేట్ అమ్మకానికి వచ్చింది. ప్రతి కొత్త మందుకూ పాతదానికంటే సురక్షితమనే పేరు వచ్చింది. కొన్నేళ్ళకు అదీ అలవాటుగా మారుతుందని తేలింది.

హాఫ్‌మన్ లా రోష్ సంస్థలో పనిచేసిన లియో స్టెర్న్‌బాక్ కృషితో 1960లో లిబ్రియం, 1963లో వేలియం మార్కెట్లోకి వచ్చాయి. వేలియం అసలు పేరు డైజీపామ్. ఈ మందుల వర్గాన్ని బెంజోడయజెపైన్లు అంటారు. వీటికి మంచిపేరు ఊరికే రాలేదు. బార్బిట్యురేట్లు మోతాదు మించితే ప్రాణం తీసేవి. వాటితో పోలిస్తే ఇవి ఒంటరిగా తీసుకున్నప్పుడు అంత ప్రమాదకరం కావు. మూర్ఛను ఆపడానికి డైజీపామ్ నేటికీ అవసరమైన మందే.

అయితే హెచ్చరిక కూడా తొందరగానే వచ్చింది. ఎక్కువ మోతాదులో లిబ్రియం వాడుతున్న 11 మంది రోగులకు ఉన్నట్టుండి ఆపివేస్తే 10 మందిలో కొత్త లక్షణాలు కనిపించాయనీ, ఇద్దరికి మూర్ఛ వచ్చిందనీ 1961లోనే హాలిస్టర్ బృందం ప్రకటించింది. ఇది పెద్ద మోతాదుల సమస్య మాత్రమేనని చాలామంది సరిపెట్టుకున్నారు. సాధారణ మోతాదులోనూ ఇదే జరుగుతుందని వైద్యలోకం అంగీకరించడానికి దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది. 1988లో బ్రిటన్ ఔషధ భద్రతా కమిటీ ఈ మందుల వాడకాన్ని రెండు నుంచి నాలుగు వారాలకు పరిమితం చేయాలని సూచించింది.

7.3 కల్లులోకి ఎట్లా వచ్చాయి?

చెట్టు నుంచి దించిన కల్లు కొన్ని గంటల్లోనే పులిసిపోతుంది. చెట్లు ఇచ్చే కల్లుకు ఒక హద్దు ఉంది. తాగేవారి గిరాకీకి హద్దు లేదు. ఆ తేడాను కొందరు వ్యాపారులు నీళ్ళతో, తీపికి శాకరిన్‌తో, మత్తుకు రసాయనంతో పూడ్చారు. 1869లో బెర్లిన్‌లో నిద్రమందుగా పేరు పొందిన క్లోరల్ హైడ్రేట్ ఇక్కడ లొట్టిలో కలిసింది. దానితోపాటు డైజీపామ్, ఆపైన అల్ప్రాజోలం చేరాయి. ఈ నేరాన్ని గీత వృత్తికి అంటగట్టకూడదు. కల్తీ వల్ల గీత కార్మికుల స్వచ్ఛమైన కల్లుకు కూడా చెడ్డపేరు వచ్చింది.

అల్ప్రాజోలం రాకతో సమస్య ముదిరింది. సుమారు అర మిల్లీగ్రాము అల్ప్రాజోలం 10 మిల్లీగ్రాముల డైజీపామ్‌తో సమానం. కాబట్టి చిన్న పొట్లంతో ఎంతో కల్లును కల్తీ చేయవచ్చు. పైగా అది శరీరం నుంచి తొందరగా పోతుంది. అందుచేత ఆపినప్పుడు బాధ కూడా తొందరగా, తీవ్రంగా మొదలవుతుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఈ రెండింటికీ వర్తిస్తుంది.

7.4 2015 సెప్టెంబరు

ఆ నెలలో ఎక్సైజ్ అధికారులు కల్తీ కల్లుపై దాడులు ముమ్మరం చేశారు. మత్తు కలపని కల్లు వచ్చింది, లేదా కల్లే రాలేదు. కొద్ది రోజుల్లోనే నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల ఆసుపత్రులకు రోగులు వరుస కట్టారు. వారిలో ఆడవారూ మగవారూ ఉన్నారు. వణుకు, మూర్ఛ, పొంతన లేని మాటలు, లేనివి కనిపించడం ప్రధాన లక్షణాలు. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు కూడా బాధితులు వచ్చారు. మరణాలు సంభవించినట్లు వార్తలు వెలువడ్డాయి.

ఊళ్ళలో దీన్ని "పిచ్చి కల్లు" ప్రభావం అనుకున్నారు. నిజానికి ఆ లక్షణాలు కల్లు తాగినందువల్ల వచ్చినవి కావు, అందులోని మందు అకస్మాత్తుగా ఆగినందువల్ల వచ్చినవి. 1961లో 11 మంది రోగులలో కనిపించినదే ఇక్కడ జిల్లాల స్థాయిలో కనిపించింది. దాడులు చేయడం తప్పు కాదు. దాడితోపాటు వైద్యం సిద్ధంగా లేకపోవడమే లోపం. సమస్య అక్కడితో ముగియలేదు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు.

7.5 తగ్గించడం ఎట్లా?

ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో ప్రొఫెసర్ హెదర్ ఆష్టన్ 1982 నుంచి 1994 వరకు ఈ మందులు మానదలచినవారి కోసం క్లినిక్ నడిపారు. ఆమె పద్ధతి సులభంగా అర్థమవుతుంది. తొందరగా కరిగిపోయే మందు స్థానంలో నెమ్మదిగా పోయే డైజీపామ్‌ను సరిసమానమైన మోతాదులో ఇస్తారు. తరవాత వారం రెండు వారాలకొకసారి సుమారు పదో వంతు చొప్పున తగ్గిస్తారు. దీనికి నెలలు పట్టవచ్చు. ఇది వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి.

ఇప్పుడు ఒక విషయం గమనించండి. ఈ పద్ధతికి మొదటి మెట్టు ప్రస్తుత మోతాదు తెలియడం. చీటీ మీద మందు తీసుకునే రోగికి అది తెలుసు. కల్లు తాగే కూలీకి తాను మందు తీసుకుంటున్న సంగతే తెలియదు. నిన్నటి సీసాలో ఎంత ఉందో, నేటి సీసాలో ఎంత ఉందో అమ్మినవాడికి కూడా తెలియదు. లెక్క తెలియనిచోట తగ్గింపు ఉండదు. ఆపడమో, మళ్ళీ తాగడమో మాత్రమే ఉంటుంది. కల్తీ చేసినవాడు ఆ కూలీ ఆరోగ్యంతోపాటు మానుకొనే దారిని కూడా దోచుకున్నాడు.

7.6 సారాంశం

మత్తు మందుల చరిత్రలో మంచిపేరు ముందు వస్తుంది, హెచ్చరిక ఆలస్యంగా వస్తుంది, నిషేధం అకస్మాత్తుగా వస్తుంది. ఈ మూడింటి భారాన్నీ మోసేది వాడేవాడే. మీ ఇంట్లో ఎవరైనా నిద్రమాత్రలు చాలాకాలంగా వాడుతుంటే, ఈ పాఠం చదివి వెంటనే ఆపించకండి. వైద్యుని దగ్గరికి తీసుకువెళ్ళండి. కల్లు మానిన మనిషికి వణుకు, మూర్ఛ, మతిభ్రమణం కనిపిస్తే దయ్యమనీ, పిచ్చి అనీ అనుకోకుండా అదే రోజు ఆసుపత్రికి చేర్చండి, కల్లు అలవాటు సంగతి దాచకుండా చెప్పండి.

7.7 నమూనా పరీక్ష ప్రశ్నలు

1. బెంజోడయజెపైన్లకు తొలుత మంచిపేరు రావడానికి కారణాలేమిటి? (10 పంక్తులలో)
2. 2015 సెప్టెంబరు సంఘటనలను "పిచ్చి కల్లు" ప్రభావంగా భావించడం ఎందుకు సరికాదు? (10 పంక్తులలో)
3. "లెక్క తెలియనిచోట తగ్గింపు ఉండదు." మీ ప్రాంతపు అనుభవంతో చర్చించండి. (30 పంక్తులలో)