లయన్స్ డ్రాగ్ స్ట్రిప్
అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరం విల్మింగ్టన్ ప్రాంతంలో 1955లో మొదలైన కార్ల పందెపు బాట. స్థానిక లయన్స్ క్లబ్బుల అండతో వెలసింది. తొలి నిర్వాహకుడు మికీ థాంప్సన్. వీధుల్లో పందేలు వేసుకునే కుర్రాళ్లకు పావు మైలు, అంటే సుమారు 402 మీటర్ల తిన్నని దారి దొరికింది. సముద్రమట్టానికి దగ్గర కావడంతో ఇక్కడి చిక్కని గాలి ఇంజన్లకు అదనపు బలమిచ్చేది.

1970 మార్చి 8న ఇక్కడే పందెపు డ్రైవర్ డాన్ గార్లిట్స్ కారు గేర్‌బాక్స్ పేలి, ఆయన కుడి పాదంలో కొంత భాగం తెగిపోయింది. అప్పట్లో డ్రైవర్లు ఇంజన్ వెనకే, మంటకూ నూనెకూ ఎదురుగా కూర్చునేవారు. కోలుకుంటూనే ఆయన ఇంజన్‌ను డ్రైవరు వెనక్కి మార్చే పనికి పూనుకున్నారు. అలా తయారైన కారు 1971లో పొమోనా పందెంలో గెలిచింది. కొద్ది ఏళ్లలోనే పాత తరహా కార్లు కనుమరుగయ్యాయి. ఎందరో డ్రైవర్ల ప్రాణాలు కాచిన ఈ మార్పే లయన్స్ చరిత్రలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం.

శబ్దంపై ఇరుగుపొరుగుల ఫిర్యాదులు పెరిగాక, 1972 డిసెంబరు 2న ఇక్కడ చివరి పందెం జరిగింది.