ముద్దపూల పుట్టుక

పెరట్లో రెండు మందార చెట్లుంటే, దేవుడి పటానికి పూలు కోసే చేయి ముందు ముద్దమందారం వైపే వెళ్తుంది. నిండుగా ఉన్నదాని మీద మోజు మనకు కొత్త కాదు. నందివర్ధనానికీ, గన్నేరుకూ, బంతికీ కూడా ‘ముద్ద’ తగిలించుకున్నాం.

రేకమందారాన్నీ ముద్దమందారాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదానికి అయిదే రేకులు. మధ్యలోంచి పొడుచుకొచ్చిన కాడ చుట్టూ పసుపుపచ్చని పుప్పొడి తిత్తులుంటాయి. రెండోదాన్ని రేకు రేకూ ఒలిస్తే, ఆ కాడ ఉండాల్సిన చోట నలిగిన గుడ్డపీలికల్లాంటి చిన్న రేకులు కనిపిస్తాయి. కొన్నిటి అంచున పసుపు తిత్తి ఒకటీ అరా ఇంకా అంటుకునే ఉంటుంది. దొంగ దొరికిపోయినట్టే! పుప్పొడి తిత్తులు మోయాల్సిన కేసరాలే రేకులైపోయాయి.

అడవి గులాబీకి మామూలుగా అయిదు రేకులే. అయితే పన్నెండు, ఇరవై, ఏకంగా వంద రేకుల గులాబీలూ ఉన్నాయని క్రీస్తుకు సుమారు మూడు వందల ఏళ్ల ముందే గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ రాసిపెట్టాడు. 18వ శతాబ్దంలో మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ మాత్రం ఇలాంటి ముద్దపూలను వికృతాల కింద జమకట్టాడు. కేసరాలు లెక్కపెట్టి మొక్కల్ని వర్గాలుగా విడదీసే మనిషికి, కేసరాలే కనబడని పువ్వంటే చిరాకు రాదా మరి!

జర్మన్ కవి గేథేకు అవే పాఠం చెప్పాయి. ఆకులాంటి ఒకే అవయవం రూపం మార్చుకుంటూ రేకవుతుంది, కేసరమూ అవుతుందని 1790లో రాశాడు. రెండు వందల ఏళ్లకు, 1991లో, శాస్త్రవేత్తలు ఎన్రికో కోయెన్, ఇలియట్ మేయరోవిట్జ్ దాని వెనకున్న జన్యువుల లెక్క చెప్పారు. పువ్వులో ఏ భాగం ఎక్కడ రావాలో మూడు రకాల జన్యువులు కలిసి తేలుస్తాయి. వాటిలో మూడో రకం పని మానేస్తే, కేసరాల చోట రేకులు పుడతాయి.

మెక్సికో వైపు నుంచి వచ్చిన బంతిది వేరే దారి. మనం ఒక్క పువ్వనుకునేది నిజానికి చిన్న పూల గుంపు. ఎండిన బంతిలోంచి ఒక్కో రేకునూ లాగితే అడుగున సన్నటి నల్ల గింజ వస్తుంది, ఆ రేకే ఒక పువ్వు కాబట్టి. రేకబంతి నడుమ గొట్టాల్లాంటి బుల్లి పూలుంటాయి. ముద్దబంతిలో వాటిలో చాలావరకు రేకులు చాచేసుకున్నాయి. దండకు నిండుదనం అలా వచ్చింది.

పుప్పొడి కోసం వచ్చిన తేనెటీగకు ముద్దమందారంలో దొరికేది తక్కువే. అది గింజ కట్టడమూ అరుదు. కాబట్టి పక్కింటి చెట్టు నచ్చితే గింజల కోసం ఎదురుచూడకండి, వానలు పడ్డాక ఓ కొమ్మ అడిగి తెచ్చుకోండి.