క్లాసులో అల్లరి: టీచర్ పక్కన ఉండే సహాయకులు ఏం చేయొచ్చు?

మన బడుల్లో ‘టీచింగ్ అసిస్టెంట్’ అనే మాట పెద్దగా వినపడదు. ఆ పని అంగన్‌వాడీ ఆయా, ప్రైవేటు బడిలో నర్సరీ ఆయా, భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లలను చూసే రిసోర్స్ పర్సన్ చేస్తుంటారు.

కర్ణాటక సరిహద్దున, బీదర్‌కు దగ్గరగా ఉన్న జహీరాబాద్‌లో ఇంట్లో దక్కనీ ఉర్దూ, కన్నడ మాట్లాడే పిల్లలు కూడా తెలుగు, ఇంగ్లీష్ మీడియంలో చేరుతున్నారు. పాఠం అర్థం కాని పిలగాడు పక్కవాణ్ణి గిల్లుతాడు, ఊరికే బయటికి పోతానంటాడు. దాన్ని బద్మాషీ అనేస్తే అసలు సంగతి మరుగున పడుతుంది. సహాయకురాలు పక్కన కూర్చొని ‘కితాబ్ ఖోలో బేటా, యే సఫా దేఖో’ అని మెల్లగా చెబితే చాలాసార్లు అల్లరి అక్కడే ఆగిపోతుంది.

టీచర్‌ది ఒక రూలు, ఆయాది ఇంకోటి అయితే పిల్లలు ఇట్టే పసిగడతారు. అందుకే ఇద్దరూ పొద్దున్నే రెండు నిమిషాలు మాట్లాడుకోవాలి. మందలించాల్సి వస్తే అందరి ముందు వద్దు, దగ్గరికెళ్లి చెప్పాలి. మెచ్చుకునేటప్పుడు ఉత్త ‘శభాష్’ చాలదు, ఏం బాగా చేశాడో చెప్పాలి.

కొట్టడం మాత్రం కుదరదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం, 2009లోని సెక్షన్ 17 శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. ‘కొట్టైనా సరే చదువు చెప్పండి సార్’ అని తల్లిదండ్రులు ఇచ్చే అనుమతి చెల్లదు.

నెమ్మదైన పిల్ల ఉన్నట్టుండి మొండికేస్తే ఆకలా, వినికిడి లోపమా, ఎవరైనా ఏడిపిస్తున్నారా అన్నది ముందు గమనించేది చాలాసార్లు ఆయానే. పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లే అమ్మీ, అబ్బా ఆమెతో కూడా ఓ మాట మాట్లాడి రావాలి.