ఎం.ఎస్.డబ్ల్యూ.కి అప్పు చేయొచ్చా? మహానంది నుంచి ఒక లెక్క

మహానంది కోనేటి నీళ్లు పారే అరటి తోటల్లో కూలికి పోయే దళిత కుటుంబాల పిల్లలు డిగ్రీ అయ్యాక ఎం.ఎస్.డబ్ల్యూ. వైపు చూడటంలో వింత లేదు. ఊళ్లో సంఘం పనులు చేసినవాళ్లకు అది తమ చదువే అనిపిస్తుంది. అయితే మహానంది మండలంలో ఉన్నది వ్యవసాయ కళాశాల. సోషల్ వర్క్ చదవాలంటే అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికో, అమ్మాయిలైతే తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయానికో, కాకుంటే ప్రైవేటు కాలేజీకో పోవాలి. రోజూ ఇంటి నుంచి పోయి వచ్చే దూరాలు కావు. అంటే ఫీజుకు ముందే హాస్టల్ ఖర్చు మొదలవుతుంది.

ముందు జీతం సంగతి చూద్దాం. ఈ డిగ్రీతో జిల్లాలో కళ్లకు కనిపించే ఉద్యోగాలు మిషన్ వాత్సల్య కింద జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఉంటాయి. 2022 మార్గదర్శకాల ప్రకారం నెలకు సోషల్ వర్కర్‌కు రూ.18,536, ఔట్‌రీచ్ వర్కర్‌కు రూ.10,592, ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు రూ.27,804. అన్నీ కాంట్రాక్టు పోస్టులే. ఇందులో అసలు మెలిక వేరే ఉంది. సోషల్ వర్కర్ పోస్టుకు డిగ్రీ చాలు, పీజీ అడిగేది ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు. ఆ పోస్టులు జిల్లాకు ఒకటో రెండో. రెండేళ్లు అదనంగా చదివినవాళ్లు చాలాసార్లు డిగ్రీవాళ్ల జీతానికే చేరతారు.

స్వచ్ఛంద సంస్థల్లో స్కేలు అంటూ లేదు. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే జీతం. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. ఆ నిధుల మీద నడిచే సంస్థల్లో జీతాలకు చోటు ఇంకా ఇరుకైంది.

ఇక అప్పు. 4 లక్షల దాకా బ్యాంకులు తాకట్టు లేకుండా విద్యారుణం ఇవ్వాలి. 3 లక్షలు రెండు విడతల్లో తీసుకున్నామనుకుందాం, వడ్డీ 11 శాతం. చదివే రెండేళ్లు, తర్వాత ఆగే ఏడాది కలిపి రూ.82,500 వడ్డీ చేరుతుంది. అసలు రూ.3,82,500 అవుతుంది. ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు రూ.6,550. రూ.18,536 జీతంలో అది మూడో వంతు కన్నా ఎక్కువ. ఔట్‌రీచ్ వర్కర్‌గా చేరితే జీతంలో అరవై పైసలు అప్పుకే పోతాయి. పదిహేనేళ్లకు సాగదీస్తే కంతు రూ.4,350కి తగ్గుతుంది గానీ మొత్తం కట్టేది 7.8 లక్షలు దాటుతుంది.

ఇది బ్యాంకు లెక్క. మన ఇళ్లలో చదువు అప్పు ఎక్కువగా బ్యాంకు పుస్తకాల్లో కనిపించదు. అమ్మ పొదుపు సంఘంలో తీసుకున్న అప్పుగానో, కుదువ పెట్టిన కమ్మలుగానో, ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీగానో ఉంటుంది. నూటికి మూడు అంటే ఏడాదికి 36 శాతం. లక్షకు నెలకు రూ.3,000 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. చదివే రెండేళ్లలోనే వడ్డీ రూ.72,000. 2025-26లో రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు రూ.307. అంటే ఒక నెల వడ్డీకి దాదాపు పది రోజుల కూలి.

స్కాలర్‌షిప్ ఉండగా ఈ అప్పు ఎందుకని అడుగుతారు. ఎస్సీ పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షలు. 2021 మార్గదర్శకాల్లో హాస్టల్ విద్యార్థికి అన్నిటికన్నా పై గ్రూపులో ఇచ్చే భత్యమే ఏడాదికి రూ.13,500, నెలకు రూ.1,125. ఎం.ఎస్.డబ్ల్యూ.లో వారానికి రెండు రోజుల ఫీల్డ్‌వర్క్ బస్సు చార్జీలకు అందులో ఏం మిగులుతుందో విద్యార్థులకు తెలుసు. పైగా 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీకి ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను ఆపేసింది. 2018 ఫిబ్రవరిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ విద్యార్థులు ముంబయి, హైదరాబాద్, తుల్జాపూర్, గువాహటి క్యాంపస్‌లలో సమ్మె చేసింది కూడా స్కాలర్‌షిప్ విద్యార్థులకు ఫీజు సాయం తీసేసినందుకే. దళిత, ఆదివాసీ అధ్యయనాలను సోషల్ వర్క్‌లో ఒక కోర్సుగా నడిపే సంస్థలోనే ఆ పరిస్థితి వచ్చింది.

భూమి ఉన్న ఇంటి బిడ్డ రూ.10,592 ఉద్యోగాన్ని రెండేళ్లు అనుభవం కోసం చేయగలడు. మన ఇంట్లో మొదటి జీతం వచ్చేనాటికి తమ్ముడి ఫీజు, నాన్న మందులు దానికోసం ఎదురుచూస్తూ ఉంటాయి. అందుకే ఎవరి లెక్కో చూడకుండా ఈ చదువుకు విలువ కట్టలేం.

మా అంచనా ఇది. విశ్వవిద్యాలయ క్యాంపస్‌లో సీటు, స్కాలర్‌షిప్ రెండూ వస్తే చేరొచ్చు. హాస్టల్, ఫీల్డ్‌వర్క్ కోసం లక్ష వరకు బ్యాంకు అప్పు మోయదగ్గదే. పై లెక్కలోనే దాని కంతు నెలకు దాదాపు రూ.2,180. ప్రైవేటు కాలేజీలో 3 లక్షల అప్పుతో, అందులోనూ ఊరి వడ్డీతో చేరడాన్ని మేము సమర్థించలేం. సోషల్ వర్క్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు రూ.37,000 ఉంటుంది, నిజమే. అది వస్తుందన్న నమ్మకంతో ముందే అప్పు చేయకూడదు.

చేరేటప్పుడు ఫ్రీషిప్ కార్డు గురించి అడగండి. ముందుగా ఫీజు కట్టకుండానే ఎస్సీ విద్యార్థిని చేర్చుకోవడానికి 2021 మార్గదర్శకాల్లో పెట్టిన ఏర్పాటు అది. ఫీజు బాకీ ఉందని కాలేజీ ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకుంటే, అలా చేయకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ కాగితం ప్రతి తీసుకుని సంఘంవాళ్లు విద్యార్థితోపాటు ప్రిన్సిపాల్ గదికి వెళ్లాలి. సర్టిఫికెట్ చేతికి రాకపోతే రూ.18,536 ఉద్యోగానికి కూడా దరఖాస్తు పెట్టలేరు.