చేతిపనే గీటురాయి

యానిమేషన్ నేర్చుకోవాలనుకునే అచ్యుతాపురం పిల్లలు విశాఖపట్నం వైపో, హైదరాబాదు వైపో చూస్తారు. చేరబోయే ఇన్‌స్టిట్యూట్ మంచిదో కాదో ఎలా తేల్చుకోవాలన్న ప్రశ్నకు మాత్రం జవాబు వాళ్ల అనకాపల్లి జిల్లాలోనే, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో దొరుకుతుంది. అంకుడు కర్రను తరిణి పట్టి, లక్క రంగులద్ది బొమ్మలు చేసే పని అక్కడ తరతరాలుగా సాగుతోంది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అలాంటి పనిలో గురువు గొప్పతనం ఆయన మిషను ఎంత కొత్తదన్న దాన్ని బట్టి తేలదు. శిష్యుడి చేతిలోంచి వచ్చిన బొమ్మను బట్టి తేలుతుంది. బొమ్మను కదిలించే విద్యకూ ఇదే గీటురాయి అని నా వాదన.

మన దేశంలో ఆ విద్య వేళ్లూనిన తీరూ ఇలాంటిదే. డిస్నీలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ 1956లో బొంబాయి ఫిల్మ్స్ డివిజన్‌కు వచ్చి అక్కడి చిత్రకారులకు శిక్షణ ఇచ్చారు. ఆ పాఠాలకు ఫలం 1957 నాటి ‘ది బన్యన్ డీర్’ అనే చిన్న సినిమా. ఆయన దగ్గర నేర్చుకున్న రామ్‌మోహన్ తర్వాత భారతీయ యానిమేషన్‌కే పెద్దదిక్కయ్యారు. ఆనాటి శిక్షణ విలువ ఎంతో చెప్పడానికి ఆ సినిమా, ఆ శిష్యుడు చాలు. హైదరాబాదులో కలర్ చిప్స్, డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ వంటి స్టూడియోలు విదేశీ సీరియళ్ల పని చేపట్టాక, అరీనా వంటి శిక్షణ సంస్థల శాఖలు ఊరూరా వెలిశాక, లెక్క మారింది. ప్రకటనల్లో సాఫ్ట్‌వేర్ పేర్లు, ప్లేస్‌మెంట్ హామీలు ముందుకొచ్చాయి. ఆ రెంటినీ నమ్ముకోవడం ఎంత ప్రమాదమో గత ముప్పై ఏళ్ల చరిత్రే చెబుతుంది. 1993లో ‘జురాసిక్ పార్క్’ డైనోసార్లను కదిలించిన సాఫ్ట్‌ఇమేజ్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఆపేస్తున్నట్టు ఆటోడెస్క్ 2014లో ప్రకటించింది. ఫ్లాష్ ప్లేయర్ 2020తో ముగిసింది. మరోవైపు, 2002 నుంచి ఎవరికైనా ఉచితంగా దొరుకుతున్న బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌తో తీసిన లాట్వియా సినిమా ‘ఫ్లో’కు 2025లో ఆస్కార్ వచ్చింది. అంటే సాఫ్ట్‌వేర్ కోసమే లక్షలు పోయాల్సిన పని లేదు. మారనిది వేరే ఉంది. బరువు, వేగం, అభినయం గురించి డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో పుస్తకంగా రాసిన సూత్రాలు కంప్యూటర్ బొమ్మలకూ వర్తిస్తాయని యానిమేటర్ జాన్ లాసెటర్ 1987లోనే ఒక పరిశోధన పత్రంలో చూపించాడు. బంతి ఎగిరి పడడం, మనిషి బరువెత్తి నడవడం సరిగా నేర్పని చోట మిగతావి ఎన్ని నేర్పినా పునాది ఉండదు.

అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్)లో షిఫ్టులు చేసి సంపాదించిన జీతంలోంచి ఫీజు కట్టే తల్లిదండ్రులకు ఉద్యోగమే ముఖ్యం కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అయితే అప్పట్లో హైదరాబాదులోనూ శాఖ ఉన్న రిథమ్ అండ్ హ్యూస్ స్టూడియో, ‘లైఫ్ ఆఫ్ పై’ విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ అందుకున్న 2013 ఫిబ్రవరిలోనే దివాలా పిటిషన్ వేసింది. అంత పెద్ద స్టూడియోకే పూచీ లేనప్పుడు, దాని పేరు చెప్పి ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే హామీకి ఏం పూచీ? స్టూడియోలు మనిషిని తీసుకునేది షోరీల్, అంటే అతను చేసిన పని నమూనాల వీడియో, చూసి. ఆ షోరీల్‌ను ఏరి కూర్చి ఉంటారు, మాస్టారే దిద్ది ఉంటారన్న అనుమానమూ నిజమే. అందుకే ఒక్క మంచి రీల్ చూసి మురిసిపోకూడదు. ఒక బ్యాచ్ మొత్తం పని అడగాలి, చేసినవాళ్లతోనే ఏ షాట్ ఎలా చేశారో చెప్పించుకోవాలి. పై చదువులకో ప్రభుత్వ ఉద్యోగానికో డిగ్రీ కావాలనుకునేవాళ్లు దాన్ని ఇచ్చే విశ్వవిద్యాలయానికి యూజీసీ గుర్తింపు ఉందో లేదో విడిగా చూసుకోవాలి. గుర్తింపు ఉన్నంత మాత్రాన చదువు బాగుంటుందని మాత్రం అనుకోవద్దు. బ్యాచ్ మొత్తం పని చూపించడానికి వెనకాడే చోట అడ్వాన్సు కూడా కట్టకండి.