మంద్రతంత్రియు, మెడచెంతని పికప్పును

బెంగుళూరునకు దక్షిణమున, హోసూరు మార్గముపై నున్న ఎలక్ట్రానిక్ సిటీని 1970ల చివరిభాగమున కియోనిక్స్ సంస్థ కోనప్పన అగ్రహారము, దొడ్డతోగూరు గ్రామముల భూములలో నెలకొల్పినది. దాని రూపకర్త ఆర్.కె. బాళిగగారు. గణకయంత్రములకు పేరుగన్న యీ చోటనే రాడెల్ అను సంస్థ ఎలక్ట్రానిక్ తంబూరను, ఎలక్ట్రానిక్ వీణను తయారుచేసిన సంగతి మనలో కొందఱికే తెలియును. తీగకును విద్యుత్తుకును గల చెలిమి ఈ నేలకు క్రొత్త కాదు.

నేడు మన యిండ్లలోని పిల్లలు ఏడు తీగల, ఎనిమిది తీగల గిటారులను కోరుచున్నారు. "ఇది మన వాద్యము కాదు" అని త్రోసివేయుటకు ముందు దాని పూర్వకథను కొంత విచారింపవలెను.

1931 ప్రాంతమున అమెరికాలో జార్జి బోషాంప్ అయస్కాంతముతోను, రాగితీగ చుట్టతోను పికప్పును రూపొందించెను. ఉక్కుతీగ కంపించినప్పుడు అయస్కాంతక్షేత్రము చలించి, చుట్టలో సూక్ష్మమైన విద్యుత్తు పుట్టును. ఒంటిచుట్ట పికప్పు దీపముల, యంత్రముల హోరును గూడ గ్రహించుచుండెను. 1955లో గిబ్సన్ సంస్థలోని సేత్ లవర్ రెండు చుట్టలను ఎదురెదురుగా కూర్చి ఆ హోరును అణచు పికప్పునకు హక్కుపత్రము కోరగా, అది 1959లో లభించెను. ఏడవతీగను జార్జి వాన్ ఎప్స్ 1930లలోనే వాడినను, 1990లో ఐబనెజ్ సంస్థ విడుదలచేసిన గిటారుతో అది యువకులలో ప్రబలినది.

మన ఆంధ్రదేశమున దీనికి సాటియైన కథ పాలకొల్లులో 1969న జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ గారిది. మాండలిన్ యొక్క జంటతీగలను విడిచి, ఐదు ఒంటితీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పై వారు కర్ణాటక సంగీతమును పలికించిరి. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ చేసిరి. మాండలిన్ నాదము సహజముగా త్వరగా అణగిపోవునది. గమకమునకు నిలుకడ కావలెను. ఆ నిలుకడను పికప్పు సమకూర్చినది. మొదట శంకించిన రసికులే తరువాత తలయూచిరి. 1998లో పద్మశ్రీ లభించినది. 2014లో వారు అస్తమించినను, ఆ త్రోవ నిలిచియున్నది.

ఇక అసలు ప్రశ్న: మెడచెంత నుండవలసిన పికప్పు ఎట్టిది? తీగ గుఱ్ఱమునకు దూరమగుకొలది కంపనము విశాలమగును. కనుక మెడచెంత నాదము నిండుగా, మెత్తగా నుండును. ఆరు తీగల గిటారులో అడుగుతీగ సెకనునకు సుమారు 82 కంపనములు చేయగా, ఏడవతీగ సుమారు 62, ఎనిమిదవతీగ సుమారు 46 చేయును. ఇంత లోతైన నాదమును మిక్కిలి బలమైన పికప్పు గ్రహించినచో స్వరములు ఒండొంటితో కలగలిసి బురదవలె నగును. అందుచే చుట్టలు మరీ ఎక్కువ లేనిది, రెండు చుట్టలది, తీగలన్నిటి వెడల్పునకు సరిపోవునది మేలు. మంద్రతీగల వైపు దానిని కొంచెము దింపవలెను. అయస్కాంతము మరీ చేరువైనచో తీగను లాగి శ్రుతిని చెఱచును.

వీణ నెఱిగినవారికి ఇది సుబోధము. వీణకును ఇరువదినాలుగు మెట్లే. ఇరువదినాలుగు మెట్ల గిటారులో వలె చివరిమెట్టు వద్ద తీగలో నాలుగవపాలే గుఱ్ఱమువైపు మిగులును. పికప్పు ఆ కొద్దిచోటనే అమరవలెను. మఱియొక సంగతి: అచ్చమైన ఇత్తడి తీగ అయస్కాంతమునకు లొంగదు. వీణకు పికప్పు అమర్చువారు మంద్ర, అనుమంద్ర తంత్రులకు ఉక్కు నడిమితీగ గలవానిని వాడవలెను. లేనిచో సారణి పలుకును, మంద్రము మూగబోవును.

మన కుటుంబములు తరతరములుగా కన్నడసీమలో నిలిచి, భాషను ఇంట కాపాడుకొనుచున్నవి. పిల్లలకు గిటారును నిషేధించిన, వారు మననుండియు మన రాగములనుండియు ఒక్కసారిగా దూరమగుదురు. తగిన పికప్పు నెంచి, ఒక గమకము నేర్పినచో, ఆ ఏడవతీగపై మన మంద్రస్థాయి పలుకును. వాద్యమును గూర్చి పట్టుదల విడిచి, నాదమును గూర్చి పట్టుదల వహింపుడని మన పెద్దలను వేడుకొనుచున్నాము.