వాసెన, ఇడ్డెన: ఆవిరి వంట చరిత్రకు తెలుగు సాక్ష్యం

ఇడ్లీ పుట్టుకను గురించిన చర్చ మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. మినపపిండిలో బియ్యం ఎప్పుడు చేరింది? పిండిని పులియబెట్టడం ఎప్పటిది? ఆవిరిపై ఉడికించే పద్ధతి ఎక్కడిది? ఈ మూడూ మన ప్రాచీన వర్ణనలలో లేవు కనుక ఇవి ఇండోనేషియా నుండి వచ్చి ఉండవచ్చునని ఆహార చరిత్రకారుడు కె.టి. అచ్చయ ఊహించారు. భారతీయులకు ఆవిరిపాత్ర లేదని 7వ శతాబ్దికి చెందిన హ్యూయాన్‌త్సాంగ్ చెప్పిన మాట ఆయన చూపిన ఆధారాలలో ఒకటి. ఆయన ఊహగా చెప్పినది తర్వాతివారి రచనలలో నిర్ధారణ అయిపోయింది. మూడు ప్రశ్నలలో చివరిదానికి తెలుగు భాష, తెలుగు వంటిల్లు ఇచ్చే సమాధానాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ముందుగా గ్రంథసాక్ష్యం. 10వ శతాబ్దపు కన్నడ గద్యకావ్యం వడ్డారాధనెలో ‘ఇడ్డలిగె’ అన్న పేరు ఉంది. 11వ శతాబ్దంలో చావుండరాయని లోకోపకారం మజ్జిగలో నానబెట్టిన మినపప్పును మెత్తగా రుబ్బి, పెరుగుతేట, సంబారాలు కలపాలన్నది. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుని మానసోల్లాసం (సుమారు 1130) అన్నభోగ ప్రకరణంలో మరింత వివరమిచ్చింది. పులిసిన మినపపిండిని చిన్న గిన్నెలలో వేసి, లోపల వస్త్రమున్న వేరే గిన్నెలతో మూసి ఉడికించాలి. దించాక మిరియాల పొడి చల్లి, నేయి, ఇంగువ, జీలకర్రలతో పరిమళింపజేయాలి. ఆనాటి తెలంగాణలో అధికభాగం ఈ చాళుక్యుల ఏలుబడిలోనిదే కనుక ఈ గ్రంథం మనకు పరాయిది కాదు.

పులియబెట్టడం ఇందులో స్పష్టం. ఆవిరి మాట మాత్రం లేదు. కాని మూతలో వస్త్రం ఎందుకు? ఆవిరి మూతకు తగిలి చెమర్చి, ఆ నీరు పిండిపై పడితే పైభాగం జావగా మారుతుంది. వస్త్రం ఆ తడిని పీల్చుకుంటుంది. పెనం మీద కాల్చే వంటకు, నూనెలో వేయించే వంటకు దీని అవసరమే రాదు. ఆవిరి వంట చేసిన ఏ ఇల్లాలికైనా ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక తెలుగు సాక్ష్యం. మన నిఘంటువులలోని ‘ఇడ్డెన’ పై పేర్లకు తోబుట్టువే. అంతకన్నా విలువైనది ‘వాసెన’. కుండమూతికి బిగించి కట్టే గుడ్డకు అది పేరు. సగం వరకు నీరు పోసిన కుండకు వాసెన కట్టి, దానిపై పిండి పరచి, పైన గిన్నె బోర్లించి ఉడికిస్తే వాసెనపోలి. కోస్తా ఇళ్లలో ఆవిరికుడుము, మినపకుడుము అనేదీ ఇదే. పప్పును నాలుగైదు గంటలు నానబెట్టి, నీరు తక్కువగా పోసి గట్టిగా రుబ్బి, ఉప్పు కలిపితే చాలు. బియ్యం పడదు. పావుగంటకు పైగా ఉడికిన కుడుమును వేడివేడిగా, నేతితోనో అల్లంపచ్చడితోనో తినడం పరిపాటి.

ఇక్కడ వస్త్రం పిండి కింద ఉంది, మానసోల్లాసంలో పైన ఉంది. కనుక రెండూ ఒకే పద్ధతి అనడం తొందరపాటు. అయితే ఒక సంగతి మాత్రం తేలుతుంది. ఆవిరి వంటకు ప్రత్యేక పాత్ర అక్కరలేదు. అన్నం వండే కుండే, ఒక గుడ్డ తోడైతే, ఆవిరిపాత్ర. వంట ముగిసి గుడ్డ విప్పగానే అది మళ్లీ మామూలు కుండ. అటువంటిది బాటసారి కంటికి ఎలా ఆనుతుంది? పాత్ర లేదన్న సాక్ష్యం పద్ధతి లేదన్న సాక్ష్యం కాజాలదు. కోనసీమ పొట్టిక్కలూ ఇదే చెబుతాయి. పనసాకులను పుల్లలతో గుచ్చిన బుట్టలే వాటికి గిన్నెలు. పురావస్తు తవ్వకాలలో గుడ్డ, ఆకు దొరకవు. పదాలే దొరుకుతాయి.

పదం వయస్సును బట్టి వంటకం వయస్సు కట్టరాదన్నది నిజమే. వాసెన హ్యూయాన్‌త్సాంగ్ కాలానిదని నా వాదం కాదు. బియ్యం ప్రశ్న కూడా మిగిలే ఉంది. దానికి ఒక ఆనవాలు మాత్రం సూచిస్తాను. తమిళుల ఇళ్లలో నానిన బియ్యాన్నీ రుబ్బుతారు. కోస్తాలో మినపపప్పునే రుబ్బి, ఒక వంతు పప్పుకు రెండు వంతుల బియ్యపురవ్వను కడిగి, పిండి, అందులో కలుపుతారు. రుబ్బురోటిలోకి ఇప్పటికీ వెళ్లేది మినుము ఒక్కటే. రవ్వ బయటినుండి వచ్చి చేరుతుంది.